వేపకి ఇంటిపేరు మార్చిన పారిస్ దొర

ఆ వేపమందు సీసా ఇలగియ్యిరా చిన్నోడా. మంటకి అంత దగ్గరగా పెట్టకు, ప్లాస్టిక్కు. మీ నాయిన వంగమళ్ళకి కొట్టడానికి పార్వతీపురంలో కొన్నదేనా? ఏటి రాసున్నాదో పైకి చదువు. అజాడిరాక్టిన్, 1500 పీపీఎం. అంటే పదివేల పాళ్ళలో పదిహేను పాళ్ళు అసలు మందు. మన వేపచెట్టుకి చదువుకున్నోళ్ళు వాడే పేరు అజాడిరాక్టా ఇండికా, మందుకి ఆ పేరు అందులోంచే వచ్చింది. ఆ పేరు పెట్టినాయన ఫ్రెంచివాడు. రాత్రికి కళ్ళం కాపలా ఎలాగూ తప్పదు. కుప్పలకి దూరంగానే వేసినారు కదా మంట? అయితే ఇటు జరగండి, చలి కాగుతూ వినండి.

మన పక్కన ఫ్రెంచివాడంటే ఎవరికైనా బుస్సీయే. 1757 జనవరి 24న బొబ్బిలి కోట మీద ఫిరంగులు పేల్చినవాడు, విజయనగరం పెద విజయరామరాజు పక్కన నిలబడినవాడు. ఆ కథ మీకు తెలుసు, తాండ్ర పాపారాయుడు ఏటి చేసినాడో కూడా తెలుసు, మళ్ళీ చెప్పను. బుర్రకథలు విని విని ఫ్రెంచివాళ్ళంటే ఫిరంగులోళ్ళేననీసి మనం అనుకుంటాం. ఇక్కడ బొబ్బిలి కోట కాలిపోయిన ఆ జనవరిలోనే పారిస్‌లో రాజుగారి మందుమొక్కల తోటలో ఇద్దరు ముసలి అన్నదమ్ములు పనిచేసుకుంటున్నారు. పెద్దాయన ఆంట్వాన్, రెండో ఆయన బెర్నార్. ఇంటిపేరు జుస్యూ. లియాన్ అనే ఊళ్ళో మందులు నూరి అమ్ముకునే ఇంట్లో పుట్టినోళ్ళు. పదహారు మంది పిల్లలట ఆ ఇంట్లో. ఓలమ్మా అనకు, మా తాతకి పదకొండుమంది.

అజాడిరాక్టా పెట్టినాయన ఈ ఇద్దరూ కాదు, వీళ్ళ మనవడి వరస. కానీ ఆ ఇంటి ముచ్చట చెప్పకపోతే ఆయన సంగతి సగమే.

ఆంట్వాన్ సంగతి రెండు ముక్కల్లో కానిచ్చేస్తాను. 1714లో ఆమ్‌స్టర్‌డామ్ నగరపెద్దలు ఫ్రాన్సు రాజుకి ఒక కాఫీ మొక్క పంపిస్తే, దాన్ని ఆ తోటలోనే సాకినారు. కాఫీ మొక్కని శాస్త్రంగా వర్ణించి రాసినోళ్ళలో ఆంట్వాన్ ముందువరసవాడు. దాని పిల్లమొక్కలే తర్వాత ఓడెక్కి అమెరికా పక్క దీవులకి ఎల్లినాయి. మొన్న 2017లో మన అరకు కాఫీకి అదే పారిస్‌లో కొట్టు తెరిచినారు, పేపర్లో చూసుంటారు.

బెర్నార్ వేరే రకం. ఏమీ అచ్చువేయించేవాడు కాదు, మొక్కల మధ్య తిరిగేవాడు, అడిగినవాడికి చెప్పేవాడు. 1734లో ఇంగ్లండు నించి రెండు దేవదారు మొక్కలు తెచ్చినాడు, లెబనాను దేవదారు. దార్లో కుండీలు పగిలిపోతే మొక్కల్ని టోపీలో మట్టితో పాటు పెట్టుకుని తోటదాకా మోసుకొచ్చినాడని అక్కడోళ్ళు కథ చెప్పుకుంటారు. టోపీ మాట నిజమో కాదో గానీ చెట్టు మాత్రం నిజం, అందులో ఒకటి ఇప్పటికీ ఆ తోటలో ఉన్నాది.

మూడో తమ్ముడు జోసెఫ్. ఈయన మాట మటుకు నిదానంగా చెప్పాలి.

1735లో ఫ్రాన్సోళ్ళు భూమి గుండ్రం ఎంతో కొలవడానికి దక్షిణ అమెరికాకి ఒక దండుని పంపినారు. లా కొండమీన్ అనే పండితుడు అందులో పెద్ద తలకాయ. మొక్కలు చూడ్డానికీ వైద్యం చేయడానికీ జోసెఫ్‌ని కూడా పంపినారు. అప్పట్లో ప్రపంచం మొత్తానికి చలిజ్వరానికి పనిచేసే మందు ఒక్కటే, పెరూ బెరడు. సింకోనా చెట్టు చెక్క. ఆ కొండల్లో తప్ప ఇంకెక్కడా దొరకదు. మేలిరకం బెరడు లోహా అనే ఊరి చుట్టుపక్కల ఉంటాదని తెలిసి జోసెఫ్ 1739లో అక్కడికి ఎల్లినాడు. ఏ చెట్టు బెరడు మంచిది, ఎలా ఒలుస్తారు, ఎలా ఎండబెడతారు, అన్నీ చూసి రాసుకున్నాడు. కొలతలోళ్ళు పనైపోయి ఇంటికెళ్ళిపోయినారు, ఈయన ఉండిపోయినాడు. డబ్బుల్లేవు. క్విటోలో మశూచి వచ్చినప్పుడు వైద్యుడివి, కదలడానికి వీల్లేదని ఊరోళ్ళు ఆపేసినారు. అక్కడినించి గనుల ఊళ్ళకి ఎల్లినాడు, మళ్ళీ వైద్యం. 1771లో పారిస్‌కి తిరిగొచ్చేసరికి ముప్ఫయ్యారేళ్ళు. మతి పోయింది, మనుషుల్ని పోల్చుకోలేడు. ఏళ్ళ తరబడి పోగుచేసిన పెట్టెలు, కాయితాలు చాలామటుకు దారిలోనే పోయినాయి. అందులో బంగారం ఉందనుకుని పనివాడే ఎత్తుకుపోయినాడని ఒక మాట. 1779లో పోయినాడు. సింకోనా మీద ఆయన రాసింది 1936 దాకా అచ్చు మొహం చూడలేదు.

ఎందుకు ఇంత చెప్తున్నానంటే, జ్వరం బెరడు అనేది ఆ ఇంటికి అలా అంటుకుంది. దాని ముక్క ఇంకోటి మన కొండల్లో ఉన్నాది. అక్కడికే వస్తన్నాను.

మన్యం జ్వరం, అంటే ఆ చలిజ్వరమే, మీకు తెలీదు, అదృష్టవంతులు. సాలూరు, కురుపాం, సీతంపేట పక్క కొండెక్కితే జ్వరం పట్టకుండా దిగినవాడు లేడని నా చిన్నప్పుడు పెద్దోళ్ళు అనేవారు. ఏజెన్సీకి బదిలీ అంటే బ్రిటిషు దొరలు కూడా వణికేవారు. తపాలా కచేరీలో ఆ జ్వరం మందు, కొయినా, పొట్లాలు కట్టి అమ్మేవారట. కొయినా రాకముందు ఏటి చేసేవారు? వేపచెక్క, నేలవేము, తిప్పతీగె. ఇంకొకటి సోమిద చెక్క. సోమిద ఎవరైనా చూసినారా? ఎవరూ చూడలేదు. చూసినా పోల్చుకోలేరు. పొడి కొండల మీద రాళ్ళల్లో పెరిగే పెద్ద చెట్టు. బెరడు ముదురు రంగు, గీకితే లోపల ఎరుపు. కొత్త చిగుళ్ళు కూడా ఎర్రగానే వస్తాయి. కలప ఎర్రటి ఎరుపు, గొడ్డలి ఎగిరి పడతాది.

సామర్లకోటలో ఒక స్కాట్లండు దొర ఉండేవాడు, విలియం రాక్స్‌బరో. ఈస్టిండియా కంపెనీ వైద్యుడు. 1781లో అక్కడికి వచ్చి తోట వేసి, మిరియాలు, కాఫీ, దాల్చిన అన్నీ పెంచి చూసినాడు. 1787 ఉప్పెనలో ఆయన పుస్తకాలు, ఎండబెట్టిన మొక్కలు అన్నీ నీళ్ళపాలైపోయినాయి. మళ్ళీ మొదటినించి మొదలెట్టినాడు. మన తెలుగు చిత్రకారుల్ని పెట్టుకుని ఒక్కో మొక్కకీ నిలువెత్తు బొమ్మ గీయించినాడు. వాటిల్లో మూడొందల బొమ్మలతో లండనులో పెద్ద పుస్తకం వచ్చింది, కోరమాండల్ తీరం మొక్కలని, 1795 నించి పాతికేళ్ళు పట్టింది మూడు సంపుటాలకీ. గీసినోళ్ళ పేర్లు అందులో లేవు.

ఆ పుస్తకం మొదటి సంపుటంలోనే మన సోమిద ఉన్నాది. సర్కారు జిల్లాల కొండల్లో పెరుగుతాదని, ఇక్కడోళ్ళకి తెలిసిన కలపల్లో దీనంత కాలం నిలిచేది ఇంకోటి లేదని, అందుకే గుళ్ళలో కర్రపనికి దీన్ని వాడతారని రాసినాడు. బెరడు జ్వరానికి పనికొస్తుందేమోననీసి కట్టలు కట్టి ఎడింబరోకి పంపినాడు. పెరూ బెరడు ఖరీదు మంట పుట్టించేది కదా, స్పెయినోళ్ళ చేతిలో ఉండేది. సర్కారు కొండల్లో అలాంటిదే దొరికితే కంపెనీకి ఎంత లాభం! అక్కడ ఆండ్రూ డంకన్ అనే కుర్రవాడు 1794లో డాక్టరు పట్టాకి ఈ సోమిద బెరడు మీదే వ్యాసం రాసినాడు. లాటినులో. మన కొండ జాతాపో, సవరో, కొండదొరో గొడ్డలితో ఒలిచి ఇచ్చిన చెక్క ఎడింబరోలో పరీక్ష రాసింది.

కానీ రాక్స్‌బరో ఒకచోట తప్పటడుగు వేసినాడు. తప్పు అనకూడదు, అప్పటికి తెలిసింది అంతే. సోమిదని తీసుకెళ్ళి మహాగని ఇంట్లో పెట్టీసినాడు. ఈమధ్య మన రైతులు పొలాల గట్లమీద పెడుతున్నారే, అదే మహాగని. అది అమెరికా చెట్టు, శాస్త్రం పేరు స్వీటీనియా. ఆకు, పువ్వు, కాయ పైకి చూస్తే పోలికే. అందుకని దీన్ని స్వీటీనియా ఫెబ్రిఫ్యూగా అన్నాడు, జ్వరాన్ని తరిమే స్వీటీనియా అని.

ఇప్పుడు మన దొర వస్తాడు.

ఆద్రియన్ ద జుస్యూ. 1797 డిసెంబరు 23న పారిస్‌లో పుట్టినాడు. నాయన ఆంట్వాన్ లొరాన్, నేనిందాక చెప్పిన ముగ్గురన్నదమ్ములకీ అన్నకొడుకు వరస. ఆ నాయన మామూలోడు కాదు. 1789లో, ఫ్రాన్సులో రాజు కుర్చీ కింద మంటపెట్టిన ఆ యేడే, లోకంలో తెలిసిన మొక్కలన్నిటినీ వంద కుటుంబాల కింద సర్ది పుస్తకం వేసినాడు. అంతకుముందు స్వీడను పండితుడు లిన్నేయసు లెక్క నడిచేది. పువ్వులో కేసరాలు ఎన్నున్నాయో లెక్కపెట్టు, పదుంటే పదోళ్ళ గుంపులో వేసీ. బేగి అయిపోయే పద్ధతి, నేర్చుకోవడం సుళువు. కానీ సంబంధం లేనోళ్ళంతా ఒక గుంపులో పడతారు. బడిలో పొడుగు చూసి పిల్లల్ని వరసలో నిలబెడతారు కదా, పక్కపక్కన నిలబడినోళ్ళు అన్నదమ్ములైపోతారేటి? జుస్యూలు అలా ఒప్పుకోలేదు. ఆకు, పువ్వు, అండాశయం, కాయ, గింజలో పప్పుబద్ద అన్నీ కలిపి చూడాలి, ఏది బరువైన గుర్తో ఏది తేలికైన గుర్తో తూచాలి, అప్పుడు చుట్టరికం తేలుతుంది అన్నారు. ఇవాళ కాలేజీలో మీ అక్క చదివే కుటుంబాలు, వేపదీ మర్రిదీ మామిడిదీ, అన్నిటికీ అక్కడే పునాది. వేప కుటుంబాన్ని విడదీసి నిలబెట్టింది కూడా ఆ నాయనే.

కొడుకు డాక్టరీ చదివినాడు. 1824లో పట్టాకి రాసిన వ్యాసం ఆముదం కుటుంబం మీద. ఆముదం, నేపాళం, జెముడు, వాటిలో ఏ జాతులున్నాయి, వాటి మందు గుణం ఏటి అని. చూడండి, ఇక్కడే ఆయన తలలో ఉన్న లెక్క బయటపడుతుంది. మొక్కలు రూపంలో చుట్టాలైతే గుణంలోనూ చుట్టాలే అయ్యుండాలి. ఒకటి విరేచనానికి పనిచేస్తే దాని దాయాది కూడా చేస్తాదేమో చూడాలి. మన నాటువైద్యులు కూడా ఇలాగే ఆలోచిస్తారు, కాపోతే వాళ్ళు నాలికతో చూస్తారు, ఈయన భూతద్దంతో చూసినాడు.

1826లో నాయనకి చూపు మందగించి ఉద్యోగం ఒదులుకుంటే కొడుకు ఆ కుర్చీలో కూచున్నాడు. కుర్చీ అన్నానే గానీ ఆ ఉద్యోగం పేరు వింటే మీకు నవ్వొస్తాది. పల్లెపట్టు మొక్కల ఆచార్యుడు. విద్యార్థుల్ని వెంటేసుకుని పారిస్ చుట్టూ అడవులు, చేలు తిరిగి, కనపడిన ప్రతి మొక్కా పీకి చూపించి చెప్పాలి. ఆ కాలినడక ఊరు దాటి ఎంత దూరమైనా ఎల్లేది గానీ, మనిషి మాత్రం మన దేశం ఎప్పుడూ రాలేదు. మన దేశపు మొక్కలే ఆయన దగ్గరకి ఎల్లినాయి. పుదుచ్చేరిలో 1816 నించి కొన్నేళ్ళు లెషెనో అనే ఫ్రెంచి మొక్కలాయన ఉండి కట్టలు కట్టి పంపినాడు. లండనులో కంపెనీ వాళ్ళు 1828 తర్వాత కలకత్తా నించి వచ్చిన ఎండు మొక్కల్ని యూరపు పండితులందరికీ పంచిపెట్టినారు. కాయితాల మధ్య నొక్కి ఎండబెట్టిన రెమ్మ, రంగు పోయిన పువ్వు. దాన్ని వేడినీళ్ళలో వేసి నానబెడితే మెత్తబడి విచ్చుకుంటాది. అప్పుడు సూదిమొనతో విడదీసి చూడాలి. ఇదీ ఆయన పని.

1830లో వేప కుటుంబం మొత్తాన్నీ అలాగ విప్పి చూసి పెద్ద వ్యాసం రాసినాడు. పారిస్ మ్యూజియం వాళ్ళ సంచికలో వచ్చింది.

ఆ కుటుంబం గుర్తు ఏటో చెప్పనా? వేపపువ్వు తెలుసు కదా, తెల్లగా, అయిదు రేకులు, గోరంత. మధ్యలో ఒక చిన్న గొట్టం నిలబడి ఉంటాది. అది రేకు కాదు. మామూలు పువ్వుల్లో కేసరాలు విడివిడిగా దారాల్లాగ ఉంటాయి, ఇందులో ఆ దారాలన్నీ అతుక్కుపోయి గొట్టమైపోయినాయి. గొట్టం నోటి దగ్గర లోపలివైపు పుప్పొడి తిత్తులు అంటుకుని ఉంటాయి, పది. గొట్టం చీలిస్తే గానీ కనపడవు. వేపకీ, తురకవేపకీ, సోమిదకీ, మహాగనికీ అందరికీ ఈ గొట్టం ఉంటాది. అంచు మటుకు ఒక్కోరికి ఒక్కోలాగ కత్తిరించి ఉంటాది. జుస్యూ ఆ అంచుల్ని, గింజల్ని పట్టుకున్నాడు.

సోమిద గింజ సంగతి చూడు. మహాగని కాయ పగిలితే గింజకి ఒక పక్కనే రెక్క ఉంటాది, గిరగిరా తిరుగుతూ పడతాది. సోమిద గింజకి రెండు కొసలా రెక్కే. పువ్వు గొట్టం అంచూ వేరే. ఇది మహాగని ఇంటి బిడ్డ కాదనీసి బయటకి తీసి, వేరు కాపురం పెట్టించి, ఇంటిపేరు సోయ్‌మిడా అని రాసినాడు. రాక్స్‌బరో పుస్తకంలో తెలుగోళ్ళ పేరుగా రాసుకున్న మాటే. సోయ్‌మిడా ఫెబ్రిఫ్యూగా. ఇంకో ముచ్చటేటంటే, ఆ ఇంటిపేరుకి లోకం మొత్తం మీద ఇదొక్క చెట్టే. రెండో జాతి లేదు.

అదే వ్యాసంలో బెంగాలు పక్క చెట్టు ఒకదానికి చుక్రాసియా అని, ఆఫ్రికాలో సెనెగలు చెట్టుకి ఖాయా అని పెట్టినాడు, అవీ అక్కడోళ్ళ మాటలే. మిగతా దొరలు ఏటి చేసేవారో తెలుసా? మన మోదుగ చెట్టుకి శాస్త్రం పేరు బ్యూటియా. బ్యూట్ అనే ప్రభువుని మెప్పించడానికి పెట్టినది. శివరాత్రి నాడు పూసే మోదుగకీ ఆ ప్రభువుకీ ఏటి సంబంధమో నాకు ఇప్పటికీ అర్థం కాదు. నన్నడిగితే ఈ విషయంలో జుస్యూ పెద్దమనిషి.

వేప దగ్గర కూడా అదే పని. లిన్నేయసు 1753లో వేపనీ తురకవేపనీ ఒకే ఇంట్లో వేసీసినాడు, మేలియా అని ఇంటిపేరు. పైకి పోలికుంది, అవునా కాదా? కానీ చూడండి. వేప ఈనెకి రెండు పక్కలా ఆకులు ఒక్క వరసే. తురకవేప ఈనె మళ్ళీ చీలి, ఆ చీలికల మీద ఆకులు. తురకవేప పువ్వు లేత వంగపండు రంగు, గొట్టం ముదురు ఊదా. వేపపండు చిదిమితే ఒక్క పిక్క, ఎప్పుడైనా రెండు. తురకవేప కాయలో గాళ్ళుగాళ్ళుగా గట్టి టెంక, అందులో నాలుగైదు గింజలు. ఆకులు రాలిపోయినా ఆ కాయలు గుత్తులుగా వేలాడుతుంటాయి. ఇన్ని తేడాలున్నవాటికి ఒక ఇంటిపేరేటి అనీసి, వేపని విడదీసి అజాడిరాక్టా అని కొత్త ఇంటిపేరు పెట్టినాడు. ఆ మాట పారసీకోళ్ళది, పాత పుస్తకాల్లో ఉన్నదే. ఇవాళ మీరు ఏ నర్సరీలో బోర్డు చూసినా, అజాడిరాక్టా ఇండికా పక్కన ఏ. జుస్స్. అని చిన్నగా ఉంటాది, సరిగా రాసిన బోర్డయితే. ఆ పొట్టిమాట ఈయనే.

తర్వాత జుస్యూ ఏం చేసినాడంటావా? మాధవీలత ఉన్న కుటుంబం మీద 1843లో మహా గ్రంథం రాసినాడు. పిల్లలకి వృక్షశాస్త్రం పాఠ్యపుస్తకం రాసినాడు, దానికి బోలెడు ముద్రణలు. 1853 జూన్ 29న పోయినాడు. ఆయన తర్వాత ఆ ఇంట్లో మొక్కల చదువు ఆగిపోయింది. ఆ పల్లెపట్టు ఆచార్యుడి ఉద్యోగం కూడా ఆయనతోనే పోయింది. ఎండు మొక్కల కట్టలు మాత్రం పారిస్ మ్యూజియంలో ఉన్నాయి. పారిస్ భూగర్భ రైలులో ఎల్తే జుస్యూ అని స్టేషనే ఉన్నాది.

ఏటి గుంటా, సోమిద జ్వరానికి పనిచేసిందా అంటావా? మంచి ప్రశ్నే. పెరూ బెరడంత పని చెయ్యలేదు. ఒగరు, చేదు, కడుపుకి బలం, నీళ్ళవిరేచనాలకి కొంత. చలిజ్వరం పురుగుని చంపే సరుకు అందులో లేదు. సోమిదకి ఈయన ఇంటిపేరు పెట్టక ముందే, 1820లో, అదే పారిస్‌లో పెల్తియే, కవాంతూ అనే ఇద్దరు మందుల పండితులు సింకోనా చెక్కలోంచి కొయినాని పొడిగా తీసి చూపించినారు. ఆ తర్వాత ఉదకమండలంలో సింకోనా తోటలే వేసినారు. ఇక సోమిద బెరడుని ఎవడు అడుగుతాడు? మందుల వరసలోంచి దిగిపోయి మళ్ళీ కలప చెట్టు అయిపోయింది. కలప మంచిది కావడం దానికి చేటయింది కూడా. మా చిన్నతనంలో సంతకి కొండోళ్ళు కరక్కాయ, అడ్డాకు, ఇప్పపువ్వు, కొండచీపుళ్ళు తెచ్చేవారు. నేను ఎరిగిన మటుకు సోమిద చెక్క ఎవరో ఒక ముసలి నాటువైద్యుడు అడిగితే తప్ప వచ్చేది కాదు. మీరు కూడా ఆ చెక్క కనపడితే ఉడకబెట్టి తాగీయకండి, జ్వరమొస్తే ఆస్పత్రికి ఎల్లండి.

అయితే ఆయన లెక్క, చుట్టాలకి ఒకే గుణం ఉంటాదన్న లెక్క, అది మాత్రం ఊరికే పోలేదు. ఆ నారింజపండు ఒలుస్తున్నావు కదా అమ్మడూ, ఒక గింజ కొరుకు. ఊఁ, మింగకు. చేదుగా ఉందా? 1825లో, అంటే వేప మీద రాయడానికి అయిదేళ్ళ ముందు, జుస్యూ ఇంకో కుటుంబం మీద రాసినాడు, సదాపాకు కుటుంబం. నిమ్మ, నారింజ, మారేడు, వెలగ అందులోవే. కరివేప కూడా. ఆ కరివేపకి శాస్త్రం పేరులో కోనిగ్ అనే ఆయన ఉన్నాడు, 1785లో కాకినాడ జగన్నాథపురంలో పోయినవాడు, రాక్స్‌బరోకి గురువులాంటివాడు. సరే, అసలు సంగతికి వస్తాను. తర్వాత రసాయనశాస్త్రం పెరిగినాక తేలిందేటంటే, నారింజ గింజలో చేదూ వేపగింజలో చేదూ ఒక్క కోవ సరుకే. లిమనాయిడ్లు అంటారు. అవి ముఖ్యంగా దొరికేది ఈ రెండు కుటుంబాల్లోనే, ఇవి రెండూ పక్కపక్క కుటుంబాలే. ఆయనకి ఆ పేరూ తెలీదు, ఆ సరుకూ తెలీదు. పువ్వునీ గింజనీ చూసి వీళ్ళని దగ్గరదగ్గరగా కూచోబెట్టినాడు అంతే. వేపగింజలో పురుగు తిండి మానేసేలా చేసే సరుకుని ఇంగ్లండులో 1968లో విడదీసినారు. దాని లోపలి నిర్మాణం తేల్చడానికి 1985 దాకా పట్టింది, అంత చిక్కుముడి. అదే అజాడిరాక్టిన్. నీ చేతిలో సీసా.

అంతటితో కథ కంచికి ఎల్లలేదు. 1994లో యూరపు పేటెంటు కచేరీ వాళ్ళు, వేపనూనెతో బూజుతెగులు ఆపే విధానం కనిపెట్టినామని చెప్పిన అమెరికా కంపెనీకీ అమెరికా వ్యవసాయశాఖకీ కలిపి హక్కులు రాసిచ్చీసినారు. మా తాతముత్తాతలు ధాన్యం గాదెల్లో వేపాకు వేసినారు, వేపపిండి మడిలో జల్లినారు, నూనె చెట్లకి పూసినారు, ఇందులో వీళ్ళు కొత్తగా కనిపెట్టింది ఏటి? మనవాళ్ళు కొందరు యూరపు వాళ్ళతో కలిసి వ్యాజ్యం వేసినారు. 2000లో ఆ హక్కు కొట్టేసినారు. కంపెనీ వాళ్ళు పైకి ఎల్లినారు. 2005 మార్చిలో మ్యూనిక్‌లో అక్కడా కొట్టేసినారు. పదేళ్ళు పట్టింది, ఆ చదువుకున్నోళ్ళకి మన ఊళ్ళో ప్రతి ముసలమ్మకీ తెలిసిన సంగతి ఒప్పించడానికి!

నవ్వకండి, వ్యాజ్యంలో ఒక చిక్కుంటాది. నీ ఊరి వేప, వాళ్ళ ఊరి నీమ్, ఇంకో ఊరి మార్గోసా అన్నీ ఒకటేనని ఎలా రుజువు చేస్తావు? అక్కడ పనికొచ్చేది ఆ రెండు మాటల పేరే. ఎక్కడి కాయితంలో ఉన్నా అజాడిరాక్టా ఇండికా అంటే ఒక్క చెట్టే. తురకవేప కాదు, కొండవేప కాదు. మందు కొనేటప్పుడు కూడా అంతే. సంతలో వేపనూనె అని చెప్పి ఏ నూనె పోస్తాడో ఎవడికి తెలుసు, సీసా మీద ఆ పేరు ఉందా, 1500 అని ఉందా అని మీ నాయిన చూసుకుని కొంటాడు. కొనమని నేనే చెప్పినాను లెండి. నాయిన చేత్తో కొట్టిన వేపగింజల కషాయం ఇంకా బాగా పనిచేస్తాదని మీ బామ్మ అంటాది, అది కూడా అబద్ధం కాదు. ఎకరానికి అయిదు కేజీల గింజలు దంచి రాత్రంతా నానబెట్టాలి, తెల్లారి వడకట్టాలి, సబ్బునీళ్ళు కలపాలి. ఓపికుంటే అదే చెయ్యండి.

ఉగాదికి ఇంకా రెండు నెలలుంది. పచ్చడికి వేపపూత కోసుకొచ్చినప్పుడు మొత్తం గిన్నెలో పోసీకుండా ఒక రెమ్మ నాకు తెండి. గుండుసూది, మీ అక్క కాలేజీ భూతద్దం నేను తీసి ఉంచుతాను. గొట్టం చీల్చి పుప్పొడి తిత్తులు లెక్కపెడదాం. పది కంటే తక్కువొస్తే మళ్ళీ లెక్కపెట్టాలి, ఎక్కువొస్తే ఇంకో పువ్వు చీల్చాలి. సోమిద చూడాలంటే మాత్రం గుమ్మలక్ష్మీపురం పక్క కొండెక్కాలి. ముందు మీ నాయిన్ని ఒప్పించండి, బండి ఎవరు తోలతారో అప్పుడు చూద్దాం.